మైలవరంలో టాకో పొడి, కొండపల్లి నుంచి వెనక్కి బస్సు

వియ్యపురాలి ఇంట్లో ఒక పొడి ఎలా చేస్తారో చూసి రావడానికి పొద్దున్నే బస్సెక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను. మా మనవరాలు హారిక మైలవరం దగ్గర ఇంజనీరింగు చదువుతోంది. మేముండేది విజయవాడలో భవానీపురం. మొదటి ఏడాది నుంచీ అది మైలవరంలో వాళ్ళ అమ్మమ్మ సుభద్రమ్మ గారింట్లో ఉంటూ, శనివారం సాయంత్రం మా దగ్గరికి వచ్చి సోమవారం పొద్దున వెళ్ళిపోతుంది. సుభద్రమ్మ గారంటే మా కోడలి తల్లి. వచ్చే ఏడాది నుంచి కాలేజీ బస్సు మా వీధి చివరి దాకా వస్తుందని తెలిసింది. ఆఖరి ఏడాది ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు, వస్తానంటే పై సోమవారం లోపల పేరు రాయిస్తానన్నాడు మా అబ్బాయి. హారిక "ఆలోచించి చెప్తా నాన్నా" అంది. సొంత ఇంటికి రావడానికి ఆలోచించేదేముందో నాకు మొదట అర్థం కాలేదు. ఆ పూట అన్నానికి కూర్చున్నప్పుడు అర్థమైంది. బ్యాగులోంచి ఒక సీసా తీసి, అందులో ఉన్న ఎర్రటి పొడిని నేను చేసిన వంకాయ వేపుడు మీద చల్లుకుంది.

అదేమిటే అంటే "టాకో పొడి నాయనమ్మా, అమ్మమ్మ చేసింది" అంది. ఎవరో స్నేహితురాలు హైదరాబాదులో పెద్ద కొట్లో ఒక పొట్లం కొని తెచ్చిందట. మెక్సికో అనే దేశంలో మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచి తింటారట, ఆ కూరలో వేసే మసాలా అట. పొట్లం అయిపోయాక దాని వెనకాల రాసున్నవన్నీ హారిక చదివి చెప్తే, సుభద్రమ్మ గారు ఖాళీ పొట్లాన్ని రెండుసార్లు వాసన చూసి ఇంట్లోనే చేసేశారట. సీసా మీద కాగితం అంటించి, పువ్వు బొమ్మ వేసి, "అమ్మమ్మ టాకో పొడి" అని రాసింది పిల్ల. ముప్పై ఏళ్ళుగా మా చుట్టాలందరికీ కూరకారం కొట్టి పంపిస్తున్నాను. ఏ డబ్బా మీదా నా పేరు ఎవరూ రాయలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఈ పొడి నేను కూడా నేర్చుకుని మా ఇంట్లో చేసి పెడితే ఇక మైలవరంలో దానికి పనేముంటుంది అనుకున్నాను. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు తోచిన లెక్క అంతే.

గురువారం బయల్దేరాను. అబ్బాయీ కోడలూ ఆఫీసులకు తయారవుతుంటే, సుభద్రమ్మ గారికి నిమ్మకాయ పచ్చడి ఇచ్చి వస్తానని చెప్పాను. గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుని, వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి మూడోసారి చూసుకున్నాను. పెద్ద బస్టాండు దాకా పోనక్కర్లేదు, మైలవరం మీదుగా తిరువూరు వెళ్ళే బస్సులన్నీ భవానీపురం నుంచే పోతాయి, మెయిన్ రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగుతాయి. ఏడున్నర బస్సు దొరికింది. పదహారు రూపాయల టికెట్టు. కిటికీ పక్కన కూర్చుని పచ్చడి సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. మూత ఊడి చీర మీద ఒలుకుతుందేమోనని ఒక భయం, ఊరు దాటిపోతానేమోనని ఇంకో భయం. "మైలవరం వస్తే కాస్త చెప్పు నాయనా" అని కండక్టరుతో మూడుసార్లు అన్నాను.

మూడోసారి అతను టికెట్ల సంచీ సర్దుకుంటూ నవ్వాడు. "మామ్మగారూ, ఇంకా గొల్లపూడే దాటలేదండి. మైలవరం ఎక్కడికీ పారిపోదు."

"అది పారిపోదు నాయనా, మీ డ్రైవరే పారిపోయేలా ఉన్నాడు" అన్నాను. ముందు సీట్లో వాళ్ళు కూడా నవ్వారు.

గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోటి పొగగొట్టాలు చూసుకుంటూ కుడివైపు తిరిగితే కొండపల్లి వస్తుంది. అక్కడ బస్సు ఐదు నిమిషాలు ఆగింది, దిగి టీ తాగొచ్చు కానీ వదిలేసి పోతుందని నేను దిగలేదు. జి.కొండూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు, పిందెలు బరువుగా వేలాడుతూ కనిపించాయి. తొమ్మిదింటికి పది నిమిషాలు ఉందనగా మైలవరంలో దిగాను. సెంటర్ నుంచి సుభద్రమ్మ గారిల్లు నడిస్తే పది నిమిషాలు. ఎండ ఎక్కువగా ఉంటే ఆటోకి పది రూపాయలు తీసుకుంటాడు. నేను నడిచే వెళ్ళాను. హారిక కాలేజీకి వెళ్ళిపోయి ఉండాలి కదా, అందుకని ఆ నడక కూడా నెమ్మదిగానే నడిచాను.

సుభద్రమ్మ గారు నాకంటే రెండేళ్ళు పెద్ద. జుట్టు ఇంకా సగం నల్లగానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు లేవు. నన్ను చూడగానే "రండి రండి వదినగారూ! ఫోనైనా చేయకుండా? సరిగ్గా మంచి రోజున వచ్చారు, పైకి పదండి" అని చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకుపోయారు. పచ్చడి సీసా మెట్ల మీదే ఉండిపోయింది. మేడంతా తెల్లటి పంచెలు పరిచి ఉన్నాయి. ఒకదాని మీద ముదురు ఎరుపు మిరపకాయలు, ఒకదాని మీద ఉల్లిపాయ ముక్కలు, ఒకదాని మీద సన్నగా తరిగిన వెల్లుల్లి, ఓ మూల నీడలో వాము ఆకు. మా ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి ఒక బాల్కనీ ఉంది, అందులో సగం నీళ్ళ డ్రమ్ము. ఇంత ఎండ ఒక్క మనిషికి ఎందుకిచ్చాడా దేవుడు అనిపించింది.

ఆదివారం హారిక స్నేహితురాళ్ళు పన్నెండు మంది టాకో తినడానికి వస్తున్నారట, అందుకని ఈ వారం అది మా దగ్గరికి రాదట. అందరూ హాస్టలు పిల్లలు. తినడమే కాకుండా తలా ఒక సీసా పొడి పట్టుకుపోతారట, రెండు నెలలకు సరిపడా. అందుకే ఇంత సరుకు. నేను ఏమీ అడక్కముందే సుభద్రమ్మ గారు అన్నీ చెప్పేశారు. దాచుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నాలుగు చెంచాల కారానికి రెండు చెంచాలు వేయించిన జీలకర్ర, రెండు చెంచాలు ధనియాలు, ఉల్లి పొడి ఒకటి, వెల్లుల్లి పొడి ఒకటి, మిరియాలు అర చెంచా. కారం ఘాటు మిరపకాయది కాదు, రంగు ఎక్కువా మంట తక్కువా ఉండే ముడతల కాయది. పొట్లంలో ఏదో సీమ ఆకు ఉందట, వాసన చూస్తే వాము ఆకులా ఉందని ఆవిడ దాన్నే ఎండబెట్టి నలిపి, మీద చిటికెడు వాము వేశారు. పులుపుకి మామిడి ఒరుగుల పొడి, చివర్లో ఉప్పూ, వేలి కొసంత పంచదార, ఒక చెంచా మొక్కజొన్న పిండి. పిండి దేనికని అడిగితే, కూరలో నీళ్ళు పోసినప్పుడు చిక్కబడటానికట. ఎంత తెలివి! నాకు తట్టేది కాదు.

అప్పుడు ఆవిడ వెల్లుల్లి పరిచిన పంచె దగ్గర కూర్చుని, గుప్పెడు ముక్కలు తీసి నా అరచేతిలో పోశారు. "రెండు రోజులు పెట్టానండి. నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండాయంటారా? ఒరుగుల విషయంలో మీ చెయ్యి తిరిగిన చెయ్యి, మీరు చెప్తే చాలు."

ఒక ముక్క తీసి వంచాను. వంగింది. ఎండిన వెల్లుల్లి వంగదు, టక్కుమని విరుగుతుంది. ఇంకొకటి తీశాను, అదీ వంగింది. లోపల ఇంకా చెమ్మ ఉంది. అలాగే పొడి కొడితే వారంలో గడ్డ కడుతుంది, పదిహేను రోజులకు బూజు పడుతుంది. నలభై ఏళ్ళుగా మాగాయ ముక్కలూ ఒరుగులూ ఎండబెట్టినదాన్ని, కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు సీసా మీది పువ్వు బొమ్మే ఉంది. పన్నెండు సీసాల్లో బూజు పడితే ఆ పువ్వు ఏమవుతుందో చూడాలనిపించింది.

"ఎండాయిలెండి" అన్నాను. అంతటితో ఆగానా? "ఒక్కటే వేస్తే మిక్సీకి అంటుకుంటుంది, ధనియాలతో కలిపి వేయండి" అని కూడా చెప్పాను. విడిగా వేస్తే ముద్దగా అయి ఆవిడకే తెలిసిపోతుంది కాబట్టి.

ఇద్దరం కలిసే పొడి కొట్టాం. పన్నెండు ఖాళీ కాఫీ సీసాలు కడిగి తుడిచి పెట్టి ఉన్నాయి, అన్నీ నిండాయి. మధ్యాహ్నం నాకు టాకో పెట్టారు. మొక్కజొన్న పిండిలో కాస్త మైదా కలిపి పల్చటి రొట్టె కాల్చి, పెనం మీంచి తీయగానే అప్పడాల కర్ర మీద వేలాడేశారు. చల్లారేసరికి అది దోనెలా వంగి గట్టిపడింది. ఉడికించి చిదిమిన బొబ్బర్లను ఉల్లిపాయలతో వేయించి, పొడి వేసి, అర గ్లాసు నీళ్ళు పోసి దగ్గరికి రానిచ్చారు. దాన్ని రొట్టెలో పెట్టి, మీద సన్నగా తరిగిన క్యాబేజీ, టమాటా, నీళ్ళు కారిపోయిన గట్టి పెరుగు. వంక పెట్టాలని చూస్తూ తిన్నాను. పెట్టలేకపోయాను. జీలకర్ర ముందు తగిలి, పులుపు తర్వాత వచ్చి, మంట చివర్లో నెమ్మదిగా వచ్చింది. అది మా పిల్ల నోటికి ఎందుకు నచ్చిందో తెలిసిపోయింది. "బాగుందాండీ?" అంటే "ఉప్పు కాస్త తక్కువ" అన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

హారిక వచ్చేలోపల వెళ్ళిపోవాలని మూడున్నర బస్సెక్కాను. నా పక్కన ఒకామె ఎండు చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. బందరు వైపు మనిషి, ఇబ్రహీంపట్నంలో ఉంటుందట, మైలవరంలో అమ్ముకుని తిరిగి వెళ్తోంది. మిగిలిన చేపల్ని ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కి చూసి, రెండింటిని తీసి విడిగా కాగితంలో చుట్టింది.

"అవి ఎందుకమ్మా పక్కన పెట్టావు?" అన్నాను.

"వంగుతున్నాయండి. ఇంకా ఎండలేదు. నిన్న మబ్బేసింది కదండీ."

"అమ్మేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆమె నా మొహంలోకి అదోలా చూసింది. "బాగా అడిగారండీ! తిన్నోళ్ళకి తెల్దా? పిల్లలు గలోళ్ళు కొనుక్కుంటారు, వాంతులైతే నా గంపకి దణ్ణం పెడతారా? ఎవరింట్లోనైనా పిల్లకి జరిగితే నాకు నిద్దర పట్టుద్దా?"

నిద్ర నాకు మామూలుగానే పట్టదు. జి.కొండూరు వచ్చేసరికి ఒక సంగతి తట్టింది. ఆ సీసాల్లోది మొదట తినేది హారికే కదా. వచ్చే నెల దానికి పరీక్షలు. బూజు పట్టిన పొడి తిని, పరీక్ష హాల్లో పొట్ట పట్టుకుని, అక్కడ దగ్గర్లో డాక్టరు లేక... పన్నెండు మంది పిల్లలు, పన్నెండు ఊళ్ళ తల్లులు, అందరూ కలిసి మైలవరం వచ్చి సుభద్రమ్మ గారి గుమ్మంలో నిలబడినట్టు కనిపించింది. పొద్దున ఆవిడ పరువు పోవాలని కోరుకున్నదాన్నే, ఆ గుమ్మంలో ఆవిడ తలొంచుకుని నిలబడటం తలచుకుంటే సీట్లో కూర్చోలేకపోయాను. కొండపల్లిలో బస్సు ఆగగానే దిగిపోయాను. "మామ్మగారూ, భవానీపురానికి టికెట్టు కొట్టించుకున్నారుగా!" అని కండక్టరు అరుస్తూనే ఉన్నాడు.

కిరాణా కొట్టు ముందు రూపాయి బిళ్ళ ఫోను ఉంది. సుభద్రమ్మ గారి నంబరు పర్సులో కాగితం మీద ఉంటుంది. బిళ్ళ వేసి, కొట్టాయన చేత నొక్కించుకున్నాను. "హలో" అని హారిక గొంతు. తొందరగా వచ్చేసినట్టుంది. దానితో ఏమని చెప్పను? "హలో, ఎవరండీ? హలో?" అంది అది. ఫోను పెట్టేసి రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డాను. అరగంటకు కానీ బస్సు రాలేదు. మైలవరంలో దిగేసరికి ఐదుంబావు. ఈసారి ఆటో ఎక్కాను.

గుమ్మంలో చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. హారిక కింద కూర్చుని సీసాలకు కాగితాలు అంటిస్తోంది, సుభద్రమ్మ గారు పక్కన టీ తాగుతున్నారు. "వెల్లుల్లి ఎండలేదు వదినగారూ. ఆ పొడి ఎవరికీ ఇవ్వకండి."

"అదేంటండీ, పొద్దున మిమ్మల్నే అడిగానుగా?"

"అడిగారు."

"ముక్క వంచి చూసి మరీ చెప్పారు."

"చూశాను. వంగింది. ఎండిందని చెప్పాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. ఒక సీసా మూత తీసి, చెంచా పెట్టి పైకెత్తి చూశారు. పొడి జారలేదు, చెంచాను పట్టుకుని ఉంది. మూత మళ్ళీ బిగించారు. తర్వాత అన్నారు. "నా మీద కోపముంటే నన్ను నాలుగు మాటలు అనాలి కానీ వదినగారూ, పిల్లలు తినేదాంట్లోనా? కడుపుమంట చల్లారడానికి పన్నెండు సీసాలు కావాల్సొచ్చాయా మీకు?"

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, పెద్ద స్టీలు పళ్ళాలు ఎక్కడున్నాయని అడిగాను. పొడి పారేయనక్కర్లేదు, కొట్టింది ఇవాళే కాబట్టి బూజు ఇంకా రాలేదు. పల్చగా పళ్ళాల్లో పరిచి రెండు ఎండలు బాగా తగలనిచ్చి, సన్న జల్లెడలో జల్లించి, గడ్డలు తీసేస్తే నిలవుంటుంది. ఆదివారానికి అందుతుంది. ఆవిడ పళ్ళాలు తెచ్చి ఇచ్చారు. ముగ్గురం కూర్చుని సీసాలన్నీ మళ్ళీ ఖాళీ చేశాం. హారిక తుమ్ముతూనే అడిగింది. "ఇదంతా ఎందుకు చేశావు నాయనమ్మా?"

"నువ్వు ఈ పొడి కోసమే ఇక్కడ ఉండిపోతావని" అన్నాను. "సోమవారం లోపల చెప్పాలన్నాడుగా మీ నాన్న."

"నిన్ననే ఫోన్ చేసి చెప్పేశా నాన్నకి. ఇక్కడే ఉంటానని."

మా అబ్బాయి నాకు చెప్పలేదు. నేను బాధపడతానని చెప్పివుండడు. "చూశావా, పొడే" అన్నాను.

"పొడి ఏంటి నాయనమ్మా! పొడైతే సీసాలో పోసి అక్కడికే తెచ్చుకుంటాను కదా." అది పళ్ళెంలో పొడిని వేలితో సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "నువ్వు గేటు బయట నిలబడతావు. పది నిమిషాలు ఆలస్యమైతే నాన్నని స్కూటరు మీద పంపిస్తావు. నేను చదువుకుంటుంటే తలుపు సందులోంచి చూస్తావు. నాకు భయం లేని రోజు కూడా నిన్ను చూస్తే భయమేస్తుంది. ఆఖరి ఏడాది కదా, ఇక్కడ చదువుకోనీ."

సుభద్రమ్మ గారు "ఏమే, పెద్దావిడతో అట్లాగేనా మాట్లాడేది?" అని దాన్ని కసిరారు. "భయపడబట్టే కదా కొండపల్లి నుంచి వెనక్కి వచ్చింది. నాలాంటి నిబ్బరం మనిషైతే ఇంటికెళ్ళి హాయిగా పడుకునేది." అది మెచ్చుకోలో దెప్పుడో నాకు తెలియలేదు. రెండూ అయివుంటాయి.

నేను బయల్దేరుతుంటే ఆవిడ వంటింట్లోంచి చిన్న సీసా తెచ్చారు, పోయిన నెల చేసిన మంచి పొడి. మా వైపు ఉప్పూ కారం చేతి నుంచి చేతికి ఇచ్చుకోం, గొడవలొస్తాయని గట్టు మీద పెడితే తీసుకుంటాం. ఆవిడ తిన్నగా నా చేతిలో పెట్టి వేళ్ళు మూశారు. "పట్టుకోండి వదినగారూ. గొడవ అయిపోయిందిగా, ఇంకేం వస్తుంది?"

నేను ఇది నోటుపుస్తకంలో రాసి ఇస్తే హారికే కంప్యూటర్లో ఎక్కించింది, తన మాటలు ఒక్కటీ తీసేయలేదు. ఆదివారం పన్నెండు మంది పిల్లలూ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదని రెండు రోజుల తర్వాత కూడా ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇప్పుడు మా ఇంట్లోనూ టాకో చేస్తున్నాను. హారిక బాగుందంటుంది, తింటుంది. అమ్మమ్మది ఇంకా బాగుంటుందని అనదు, అనకపోవడమే నాకు వినిపిస్తుంది. అసూయ పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ మేడ, ఆ ఎండ, ఆవిడ మోకాళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ గుండెల్లో చిన్న ముల్లు కదులుతుంది. కానీ ఆ ముల్లుకు నా చేతిని అప్పగించకూడదని మాత్రం తెలిసింది. పోయిన శనివారం పిల్ల రావడం అరగంట ఆలస్యమైంది. గేటు బయట నిలబడలేదు. లోపలే నిలబడ్డాను.

మైలవరం వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. సాయంత్రం ఐదు దాటాక విజయవాడ వైపు వచ్చే బస్సులన్నీ కాలేజీ పిల్లలతో నిండిపోయి ఉంటాయి, నేను భవానీపురం దాకా నిలబడే వచ్చాను. మూడున్నర బస్సులో కూర్చుని రావాలంటే, ఏ పని మీద వచ్చారో పొద్దున గుమ్మంలోనే చెప్పేయండి.